కుందేలు మెడ కొలత

3, సోమవారం

కలాన్ని బొటనవేలికీ నడిమివేలికీ మధ్య ఇరికించి రాస్తున్నాను. చూపుడువేలు పక్కన కర్రలా నిలబడి చూస్తోంది. అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి. ఉండనీ, చదివేది నేనే కదా.

నిన్న రిహార్సల్లో తోడేలు వచ్చి కుందేలుని గుద్దింది. తోడేలంటే మా బావమరిది. కుందేలంటే నేను. ఇద్దరం తెర కింద కూర్చుని, బొమ్మలు తొడుక్కున్న చేతులు పైకెత్తి ఆడిస్తాం. తోడేలు నోరు తెరిచి దూకాలి, కుందేలు తల వంచి తప్పుకోవాలి, తోడేలు పోయి చెట్టుకి గుద్దుకోవాలి. నిద్రలో లేపి చెయ్యమన్నా చేసేంత అలవాటైన ఘట్టం. నిన్న తోడేలు తొందరపడింది. నా చూపుడువేలి కొన, వాడి చూపుడువేలి కొన ఎదురెదురుగా వచ్చి కొట్టుకున్నాయి. ఇద్దరికీ కుడిచెయ్యే, ఇద్దరికీ నడిమి కణుపే. తెర ముందు కూర్చున్న మా ఆవిడ మాత్రం, "ఇప్పుడు అరిచిన అరుపులు చాలా సహజంగా ఉన్నాయి, ఆట రోజు కూడా ఇలాగే అరవండి" అంది.

సాయంత్రానికి కణుపు నిమ్మకాయంత అయింది. మా ఆవిడ ద్రాక్షపండంత అంటోంది. ఆవిడకి ఏదైనా చిన్నగానే కనిపిస్తుంది.

ఇవాళ ముగ్గురం వేళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ చేతులు, వేళ్ళు తప్ప ఇంకేమీ చూడదు. ఎముక విరగలేదు, కణుపు బెణికింది అంది. మా ఇద్దరి వేళ్ళూ పక్కపక్కన పెట్టుకుని, కొత్త చెప్పుల జత చూసినట్టు మురిసిపోయింది.

"ఒకే రోజు, ఒకే వేలు, ఒకే కణుపు. ఇలాంటి జంట నాకు మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది" అంది.

వాపుని నొక్కి తగ్గించడానికి ఆవిడ దగ్గర రెండు దారులున్నాయి. ఒకటి పట్టీ. దానికది అతుక్కునే సాగే పట్టీ, వేలి కొస నుంచి మొదలుదాకా మెట్లు మెట్లుగా చుట్టుకుంటూ రావాలి. రెండోది తొడుగు. గొట్టంలా కుట్టిన సాగే గుడ్డ, వేలికి ఎక్కించేసి ఊరుకోవడమే. ఏది మేలో తేల్చుకోవాలని ఆవిడకి ఎప్పట్నుంచో కోరికట. చెరొకటి వాడి, సోమవారం సోమవారం, గురువారం గురువారం వచ్చి కొలత ఇచ్చిపొమ్మంది. చీటీలు వేసింది. నాకు పట్టీ వచ్చింది. వాడికి తొడుగు వచ్చింది. అది కూడా ఒకటి కాదు రెండు, ఒకటి ఉతికి ఆరేస్తే ఇంకోటి వేసుకోవడానికి.

చివర్లో ఆవిడ ఇంకేదో చెప్పింది. నేను అప్పటికే పట్టీ చుట్టడం మొదలుపెట్టాను కాబట్టి వినలేదు. మా ఆవిడ విని తలూపింది.

బయటికొచ్చాక బావమరిది తొడుగు వేసిన వేలు నా ముఖం ముందు పెట్టాడు. "బావా, ఇరవై మూడో తేదీకి నీ వేలు వంగకపోతే కుందేలు నాకిచ్చెయ్. నువ్వు తోడేలు పట్టు. దానికి వేలు వంచే పని లేదు, నోరు తెరిచి మూస్తే చాలు. నీకు అలవాటే కదా."

ఇరవై మూడున పిల్లల లైబ్రరీలో మా కొత్త ఆట. నేను మా ఆవిడ వైపు చూశాను. బొమ్మలు కుట్టేది ఆవిడ, కథలు రాసేది ఆవిడ, ఎవరి చేతికి ఏ బొమ్మో చెప్పేదీ ఆవిడే.

"చూద్దాం" అంది.

4, మంగళవారం

బాల్కనీ వేయిద్దామంటే చూద్దాం అంది. కుక్కని పెంచుకుందామంటే చూద్దాం అంది. నేను మీసం పెంచుతానంటే కూడా చూద్దామే అంది. ఇప్పుడు మాకు బాల్కనీ లేదు, కుక్క లేదు, మీసం లేదు.

ఆ కుందేలు నాది. పెళ్ళికి ముందు ఒకరోజు ఆవిడ నా చెయ్యి పట్టుకుని, చూపుడువేలికి దారం చుట్టి కొలత తీసుకుంది. ఉంగరం చేయిస్తోందనుకుని వారంపాటు గాల్లో తేలాను. చూపుడువేలికి ఉంగరమేమిటని ఒక్కసారి కూడా తట్టలేదు. వారం తర్వాత కుందేలు తెచ్చి చేతికి తొడిగింది. దాని మెడలో ఒక అట్టగొట్టం ఉంటుంది, అందులో చూపుడువేలు దూరుతుంది. వేలు వంచితే కుందేలు తలూపుతుంది. మెడ నా వేలికి అచ్చుగుద్దినట్టు సరిపోయింది.

అప్పట్నుంచి నేను సొంత నోటితో మాట్లాడింది తక్కువ. టీ కావాలంటే కుందేలే అడుగుతుంది. తప్పు నాదైతే కుందేలే వెళ్ళి తల వంచుతుంది. ఆవిడ దాని చెవులు లాగి వదిలేస్తుంది, గొడవ అయిపోతుంది. ఇప్పుడు దాని మెడలో నా వేలు దూరడం లేదు. అందుకే ఈ డైరీ.

6, గురువారం

మొదటి కొలత. నాది తగ్గింది. వాడిదీ తగ్గింది. డాక్టరమ్మ టేపు మీద వాడిది ఒక్క గీత ఎక్కువ తగ్గింది.

నాకేం పట్టలేదు. ఒక గీత అంటే ఎంత. వాడి వేళ్ళు పుట్టుక నుంచే సన్నం. అయినా ఇది పందెం కాదు, వైద్యం.

7, శుక్రవారం

ఒక గీత.

8, శనివారం

పట్టీని మరీ లాగొద్దు, ఊరికే ఆనించినట్టు చుట్టు అని డాక్టరమ్మ చెప్పింది. ఆవిడ మామూలు మనుషుల సంగతి చెప్పింది. నా వేలు ఇన్నేళ్ళు కుందేలుని మోసిన వేలు, దానికి ఆనించడం చాలదు. కొంచెం బిగించాను. తర్వాత ఇంకొంచెం.

"వేలి కొస నీలంగా ఉందేంటండీ?" అంది మా ఆవిడ.

"సిరా" అన్నాను.

"మీ కలంలో నల్ల సిరా కదా?"

నేను పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాను. వేలు వంకాయరంగుకి తిరిగి మొద్దుబారింది. టీ కప్పులో పోస్తున్నాననుకుని సాసర్లో పోశాను. ఆవిడ నా చెయ్యి లాక్కుని పట్టీ విప్పేసి, మళ్ళీ వదులుగా చుట్టింది. పట్టీ చుట్టడం ఆవిడకి నాకంటే బాగా వచ్చు. ఆ మాట పైకి అనలేదు.

10, సోమవారం

ఇవాళ ఇద్దరం సమానం. పట్టీ గురించి నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నాను, మంచి సరుకని.

వేలు అరచేతికి తగిలేలా వంచమంది డాక్టరమ్మ. నాది సగం దారిలో ఆగిపోయింది. వాడిదీ అక్కడే ఆగింది. ఇద్దరం ఒకరి వేలు ఒకరం చూసుకున్నాం.

పట్టీ చుట్ట అప్పుడే సగానికొచ్చింది. నేను వాడింది అంత లేదు. డాక్టరమ్మ చిన్న చుట్ట అంటగట్టినట్టుంది.

11, మంగళవారం

గాలి ఎక్కువగా ఉంది. మేడమీద తీగ మీద బావమరిది తొడుగు ఊగుతోంది. వాడు పైవాటాలో ఉంటాడు, బట్టలకి క్లిప్పులు పెట్టే అలవాటు లేదు. ఎగిరిపోతుందేమోనని తీసి లోపల పెట్టాను.

లోపల అంటే వేలికి. ఊరికే, ఎలా ఉంటుందో చూద్దామని. ముందు తొడుగు, దాని మీద పట్టీ. బయటికి పట్టీ ఒక్కటే కనిపిస్తుంది. రెండు వైద్యాలు కలిస్తే రెండింతలు తగ్గాలి, లెక్క సరిగానే ఉంది. రేపు తిరిగి ఇచ్చేస్తాను.

12, బుధవారం

ఇవ్వలేదు.

"బావా, నా తొడుగొకటి కనబడట్లేదు, చూశావా?" అన్నాడు బావమరిది, పొద్దున్నే టీకి వచ్చి.

"ఎంతుంటుందిరా అది?"

"వేలంత."

"వేలంతది గాలికి పోకుండా ఉంటుందా?"

"అదీ నిజమే" అన్నాడు. వీడు ఈ మధ్య పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి టీకి వస్తున్నాడు. వచ్చి నేరుగా మందుల అల్మారా ఉన్న గదిలోకి వెళ్ళి చేతులు కడుక్కుంటాడు. వెళ్ళేటప్పుడు కుడిచెయ్యి జేబులోంచి తియ్యడు. చలేమో పాపం.

13, గురువారం

ఇద్దరికీ విపరీతంగా తగ్గింది. డాక్టరమ్మ టేపు రెండుసార్లు వేసి చూసింది. "రెండూ ఇంత బాగా పనిచేస్తాయని నేననుకోలేదు" అంది. తొడుగు ముందే మెట్ల మీద విప్పి జేబులో వేసుకున్నాను. బావమరిది కూడా మెట్ల మీద ఆగాడు, చెప్పులో రాయి పడిందన్నాడు.

ఇంటికి రాగానే కుందేలుని ప్రయత్నించాను. కణుపు దగ్గర ఆగిపోయింది. వాపు తగ్గిందని డాక్టరమ్మే చెప్పింది కాబట్టి తప్పు నా వేలిది కాదు. కుందేలు మెడే ముడుచుకుపోయి ఉంటుంది. వానాకాలంలో అట్ట బిగుస్తుంది.

ఇది వానాకాలం కాదని నాకు తెలుసు.

14, శుక్రవారం

మా ఆవిడ ఎర్రదారం పట్టుకొచ్చి నా వేలికి చుట్టి కొలత తీసుకుంది. కణుపు దగ్గర రెండుసార్లు తీసుకుంది. తర్వాత నీలం దారం తీసుకుని పైవాటాకి వెళ్ళింది. వాడి వేలు కూడా కొలిచింది. కిందికొచ్చాక ఎందుకని అడిగాను.

"ఊరికే" అంది.

15, శనివారం

ఊరికే అట.

17, సోమవారం

ఇవాళ జరిగింది ఎవరికీ చెప్పేది కాదు, అందుకే వివరంగా రాస్తాను.

మెట్ల మీద తొడుగు విప్పడం మర్చిపోలేదు. బావమరిదికి మాత్రం ఈసారి చెప్పులో రాయి పడలేదు. కానీ ఈసారి రాత్రంతా వేసుకుని పడుకున్నాను. డాక్టరమ్మ పట్టీ విప్పి, కళ్ళజోడు పెట్టుకుని, నా వేలుని దీపం కిందికి లాగింది.

"ఇదేంటి?"

"వేలండీ."

"వేలని తెలుసు. దాని మీద ఈ నిలువు గీతేంటి అంటున్నా. ఇది తొడుగు కుట్టు అచ్చు. మీకిచ్చింది పట్టీ కదా."

నేను కిటికీలోంచి రోడ్డు చూశాను. రోడ్డు మీద చూడ్డానికి ఏమీ లేదు. బావమరిది ముసిముసిగా నవ్వుతూ, "మా బావ చిన్నప్పట్నుంచీ ఇంతేనండీ" అన్నాడు. నా చిన్నప్పటి సంగతి వీడికేం తెలుసు.

ఆవిడ వాడి వేలు కూడా అందుకుంది. తొడుగు పట్టుకుని లాగింది. లోపల ఇంకో చర్మంలా గోధుమరంగు పట్టీ ఉంది. నా పట్టీ. కొసన మా ఇంటి కత్తెరతో కత్తిరించిన వంకర కూడా అలాగే ఉంది.

"ఒరేయ్ దొంగా" అన్నాను.

"నా తొడుగు గాలికి పోయిందన్నావు కదా బావా."

"గాలొచ్చిన మాట నిజమేరా."

డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. "పట్టీనీ తొడుగునీ పోల్చి చూద్దామనుకున్నాను. ఇద్దరూ రెండూ వాడారు. ఇక మీ ఇద్దర్నీ పోల్చాలంటే ముఖాలు తప్ప ఏం మిగల్లేదు" అంది. తర్వాత నవ్వడం మొదలుపెట్టి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. మా ఆవిడ మాత్రం సంచీ ఒళ్ళో పెట్టుకుని, బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టు కూర్చుంది.

"నీకు ముందే తెలుసా?" అన్నాను.

"మేడమీద తీగ వంటింటి కిటికీలోంచి కనబడుతుంది" అంది. "వాడు పట్టీ కోసేది నా కుట్టుమిషను పక్కనే."

ఇద్దరికీ తెలియకుండా ఆవిడకి అన్నీ తెలుసు. అక్కడిదాకా నవ్వులాటే. ఆ తర్వాత డాక్టరమ్మ నా కణుపు నొక్కి చూసింది. "వాపు చాలావరకు పోయింది. ఇప్పుడు చేతికి తగిలేది వాపు కాదు, కణుపే లావెక్కింది. పట్టీ కట్టినా తొడుగు వేసినా దానికి కొన్ని నెలలు పడుతుంది. కొంతమందికి అలాగే ఉండిపోతుంది కూడా. పనికి అడ్డం రాదు, వంచుతూ ఉండండి. మొదటిరోజే చెప్పాను కదా" అంది.

మొదటిరోజు నేను పట్టీ చుట్టుకుంటున్నాను.

ఇంతకాలం వేలుని మెడకి సరిపెడదామని చూశాను. ఇక సరిపడదు. కుందేలు నాది కాదు.

18, మంగళవారం

కుట్టుమిషను మీద కుందేలు తల ఒకచోట, మొండెం ఒకచోట ఉన్నాయి. మెడ గొట్టం కోసేసి ఉంది. పక్కన నీలం దారం పడి ఉంది. ఎర్రదారం ఎక్కడా లేదు. బల్ల కింద చూశాను, చెత్తబుట్టలో కూడా చూశాను.

నీలం వాడిది.

19, బుధవారం

స్నానాల గదిలో తలుపు వేసుకుని తోడేలు గొంతు సాధన చేశాను. "నిన్ను తినేస్తా" అన్నాను. దగ్గుమందు అడుగుతున్న ముసలాయనలా వచ్చింది. మళ్ళీ అన్నాను. మా ఆవిడ తలుపు తట్టి, "గొంతు బాలేదా? వేడినీళ్ళు పెట్టనా?" అంది.

ఇంట్లో మాటల్లేవు. నేనేం కోపంగా లేను. అడగడానికి కుందేలు లేదు, అంతే. సాయంత్రం వంటింటి గుమ్మంలో నిలబడి "టీ" అన్నాను, నా నోటితోనే. ఆవిడ వెనక్కి తిరిగి ఎవరొచ్చారా అన్నట్టు చూసింది.

20, గురువారం

పొద్దున అద్దం ముందు మాటలు పేర్చుకున్నాను. పెద్దమనిషిలా, నవ్వుతూ, మనసులో ఏమీ పెట్టుకోకుండా. ఆవిడ మిషను దగ్గర సూదిలో దారం ఎక్కిస్తోంది. వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"కుందేలుని మీ తమ్ముడికి ఇచ్చెయ్. వాడి చేతిలోనే బావుంటుంది. నేను తోడేలు చేస్తా" అన్నాను. నవ్వడం మర్చిపోయాను.

ఆవిడ తలెత్తకుండానే, "చెయ్యి ఇటివ్వండి" అంది.

ఇచ్చాను. బల్ల సొరుగులోంచి కుందేలుని తీసింది. తల మొండెం మీదే ఉంది. నా చేతికి ఎక్కించింది. కణుపు దగ్గర ఆగుతుందని కళ్ళు మూసుకున్నాను. ఆగలేదు. వేలు కొసదాకా వెళ్ళి, కుందేలు తలలో దాని పాతచోట ఆనింది.

కళ్ళు తెరిచి మెడలోకి తొంగిచూశాను. కొత్త గొట్టం. లోపల అంచున చుట్టూ ఎర్రదారం కుట్టి ఉంది.

"వెడల్పు పెంచాను" అంది. "కణుపు లావుగానే ఉండిపోవచ్చని డాక్టరమ్మ మొదటిరోజే చెప్పింది కదా, మీరూ విన్నారనుకున్నాను. తోడేలు నోట్లో వాడి వేలుండే అర కూడా పెంచాను, వాడికీ కణుపు లావైంది కదా. రెండిటికీ ఒకే అట్ట కోశాను."

"మరి ఆ రోజు చూద్దాం అన్నావు?"

"పెళ్ళికి ముందు కుట్టిన మెడ. ఎలా కుట్టానో నాకే గుర్తులేదు. విప్పి చూస్తే కదా మళ్ళీ కుట్టడం వస్తుందో రాదో తెలిసేది. అందుకే చూద్దాం అన్నా."

"నాకు చెప్పొచ్చు కదా."

"ఎలా చెప్పను? దగ్గరికొచ్చినప్పుడల్లా వేలు వెనక్కి దాచుకున్నారు కదా."

నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ నేను వేలుని బిగగట్టి, నొక్కి, నీలం చేసి, బావమరిది తొడుగు దొంగిలించి, దాన్ని కుందేలుకి తగ్గట్టు చేద్దామని చూశాను. కుందేలుని నాకు తగ్గట్టు చెయ్యొచ్చని ఒక్కసారి కూడా తోచలేదు. వేలు వంచాను. సగమే వంగింది. కుందేలు ఏదో మొహమాటపడుతున్నట్టు కొంచెం తలూపింది. అది ఏదో అనబోతుంటే ఆపాను.

"చాలా బావుంది. నాకు నువ్వు లేకపోతే ఏమీ చేతకాదు" అన్నాను, నా నోటితోనే.

ఆవిడ అలవాటుకొద్దీ చెయ్యి చాచి కుందేలు చెవులు లాగింది. తర్వాత నా వైపు చూసి, నా చెవి కూడా ఒకటి లాగింది.

23, ఆదివారం

ఆట బాగా జరిగింది. తోడేలు ఈసారి తొందరపడలేదు. నేను వేలు వంగినంత వంచి, మిగతాది మణికట్టుతో వంచాను. తోడేలు పోయి చెట్టుకి గుద్దుకుంది. పిల్లలు బెంచీలెక్కి అరిచారు.

ముందు వరసలో ఒక పాప లేచి, "కుందేలు మెడ వాచింది" అంది.

"నావల్లేనమ్మా" అంది తోడేలు. తప్పు ఒప్పుకోవడం కథలో లేదు. తెర కింద బావమరిది నా వైపు చూడలేదు. నేను తోడేలు భుజం తట్టాను, కుందేలు చేత్తో. పాప కూర్చుంది.

అయిపోయాక వేళ్ళ డాక్టరమ్మ తెర దగ్గరికొచ్చింది. మమ్మల్నడిగితే లాభం లేదని కుందేల్నే అడిగింది. "పట్టీయే మేలా?" కుందేలు తలూపింది. "అయితే తొడుగు పనికిరాదా?" కుందేలు పనికొస్తుందని కూడా తలూపింది. "ఈ సాక్షి నాకొద్దు" అని వెళ్ళిపోయింది. వచ్చేనెల ఎవరో ఇద్దరు కవల అక్కచెల్లెళ్ళు కాలివేళ్ళు విరగ్గొట్టుకుని వస్తారేమోనని ఆశపడుతోందట. వేళ్ళంటే కాళ్ళవైనా చూస్తుందట ఇక.

ఇంటికొచ్చాక బావమరిది తొడుగు ఉతికి తీగ మీద ఆరేశాను, క్లిప్పు పెట్టి. మా అల్మారాలో ఒక కొత్త పట్టీ చుట్ట కనిపించింది. వాడు మళ్ళీ చేతులు కడుక్కోవడానికి వచ్చినట్టున్నాడు.

రాత్రి మా ఆవిడ బొమ్మలు సంచీలోంచి తీసి దులుపుతోంది. ఎదురుగా వెళ్ళి కూర్చున్నాను. కుందేలు సంచీలోనే ఉంది, దాన్ని లేపలేదు.

"మీసం పెంచనా?" అన్నాను.

ఆవిడ చేతిలో బొమ్మ పక్కన పెట్టింది. లేచి వెళ్ళి ఎర్రదారం తెచ్చి, నా పైపెదవి మీద ఈ చివర నుంచి ఆ చివరదాకా పెట్టి కొలిచి, "చూద్దాం" అంది.